చత్వారం వచ్చాక పిస్టల్ గురి: ఏ అద్దం, ఏ సైటు ఎంచుకోవాలి

మన దగ్గర ‘సైటు’ అంటే రెండు అర్థాలు. ‘నాకు సైటొచ్చింది’ అంటే కళ్ళు మందగించాయని, ‘సైటు కుదరలేదు’ అంటే తుపాకి గురి తప్పిందని. యాభై దాటిన షూటర్‌కి ఈ రెండూ ఒకే జబ్బుగా మారతాయి. గందరగోళం లేకుండా ఇక్కడ తుపాకి మీదున్న వాటిని ఎన్‌సీసీలో, పోలీసు ట్రైనింగులో పిలిచినట్టే ఫోర్‌సైట్, బ్యాక్‌సైట్ అని పిలుద్దాం.

పిస్టల్ గురిలో కన్ను చూడాల్సినవి మూడు. చాపిన చేతి మణికట్టు దగ్గర బ్యాక్‌సైట్ గాడి, దానికి ముందు ఫోర్‌సైట్ పలక, దూరంగా టార్గెట్ మీది నల్ల గుండ్రం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఒంటిచేత్తో పట్టుకుంటే కంటి నుంచి బ్యాక్‌సైట్ సుమారు 60 సెంటీమీటర్లు, ఫోర్‌సైట్ సుమారు 95 సెంటీమీటర్లు, టార్గెట్ 10 మీటర్లు. ఇరవై ఏళ్ల కన్ను ఈ మూడింటి మధ్య చిటికెలో అటూ ఇటూ మారుతుంది. ఆ మారే శక్తి ఆ వయసులో దాదాపు 10 డయాప్టర్లు (లెన్సు పవర్‌ని కొలిచే కొలత) ఉంటుంది. యాభై దాటేసరికి రెండు మూడుకు, అరవై దాటాక ఒకటికి, అంతకంటే తక్కువకు పడిపోతుంది. కంటిలోని సహజ లెన్సు గట్టిపడటమే కారణం. కాబట్టి ‘గట్టిగా చూడు, ఫోర్‌సైట్ మీద దృష్టి పెట్టు’ అని ఎంత చెప్పినా పెద్ద వయసు కన్ను ఆ పని చెయ్యలేదు. కన్ను చెయ్యలేని పనిని లెన్సు చెయ్యాలి.

మూడింటిలో తేటగా కనపడాల్సింది ఒక్కటే, ఫోర్‌సైట్. అదీ దాని పై అంచు, రెండు పక్క అంచులు. ఎందుకో లెక్క చూడండి. ఎయిర్ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. ఫోర్‌సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర అది 30 మిల్లీమీటర్లు అవుతుంది. పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కాబట్టి ఆ గుండు ఏడులో పడుతుంది. అదే నల్ల గుండ్రం కాస్త మసకగా ఉండి, గురి మొత్తంగా ఒక మిల్లీమీటరు పక్కకు పోయిందనుకోండి, టార్గెట్ మీద తేడా ఆ ఒక్క మిల్లీమీటరే. పొట్టి రివాల్వర్‌లో ఇది ఇంకా తీవ్రం. రెండు సైట్ల మధ్య 12 సెంటీమీటర్లే ఉంటే ఒక మిల్లీమీటరు తప్పుకి 10 మీటర్ల దగ్గర 8 సెంటీమీటర్లు పోతుంది. చత్వారం వచ్చినవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. తేటగా కనపడుతోంది కదా అని టార్గెట్‌నే చూస్తూ ట్రిగ్గర్ లాగుతారు. గ్రూపింగ్, అంటే కాగితం మీద గుళ్ళు పడ్డ గుంపు, చెల్లాచెదురవుతుంది. చెయ్యి వణుకుతోందనుకుని చేతికి వ్యాయామాలు మొదలుపెడతారు.

లెన్సు పవర్ లెక్క కష్టమేమీ కాదు. ఒకటిని మీటర్లలో దూరంతో భాగిస్తే డయాప్టర్లు వస్తాయి. 95 సెంటీమీటర్ల ఫోర్‌సైట్ అంటే సుమారు 1.05. 10 మీటర్ల టార్గెట్ అంటే 0.10. మీ దూరపు చూపు పవర్‌కి అదనంగా ఏమీ కలపకపోతే ఫోర్‌సైట్ ఒక డయాప్టర్ మసకలో ఉంటుంది. +0.50 కలిపితే ఫోర్‌సైట్ 0.55 మసక, టార్గెట్ 0.40 మసక. +0.75 కలిపితే ఫోర్‌సైట్ 0.30, టార్గెట్ 0.65. +1.00 కలిపితే ఫోర్‌సైట్ పూర్తి తేట, టార్గెట్ 0.90 మసక. కంటిలో ఇంకా అర డయాప్టర్ శక్తి మిగిలి ఉంటే +0.50 తోనే ఫోర్‌సైట్‌ని అందుకోగలదు, ఎందుకంటే కన్ను తన శక్తిని కలుపుకోగలదు గానీ తీసెయ్యలేదు. అందుకే 45-55 మధ్య వాళ్ళకి చాలాసార్లు +0.50 చాలు. అరవై దాటినవాళ్ళకి, శుక్లం ఆపరేషన్‌లో లెన్సు వేయించుకున్నవాళ్ళకి +0.75 నుంచి మొదలుపెట్టాలి. రెండు చేతులతో పట్టే రివాల్వర్‌లో ఫోర్‌సైట్ 70-75 సెంటీమీటర్లకే వస్తుంది కాబట్టి +0.75, +1.00 మధ్య చూసుకోవాలి.

దూరపు పవర్‌కి కలపడం అంటే ఇది: దూరానికి −2.00 వాడేవారికి +0.75 కలిపితే −1.25. +1.00 వాడేవారికి +1.75. సిలిండర్ (కంటి వంకర చూపుని సరిచేసే పవర్), యాక్సిస్ (ఆ పవర్ పెట్టే కోణం) ఉంటే వాటిని అంకె మార్చకుండా ఉన్నవున్నట్టే ఉంచాలి. దూరానికి −1.00 మాత్రమే ఉన్నవాళ్ళ అదృష్టం వేరు. వాళ్ళకి అద్దాలు తీసేస్తేనే ఫోర్‌సైట్ బ్రహ్మాండంగా కనపడుతుంది. అయితే కంటి రక్షణ కోసం పవర్ లేని అద్దమైనా పెట్టుకోవాల్సిందే.

ఇక ఎంపికల సంగతి.

చదువుకునే అద్దాలే పెట్టుకుని కాల్చడం అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు. +2.00 రీడింగ్ గ్లాసు తేటగా చూపించేది 50 సెంటీమీటర్ల దూరాన్ని. ఫోర్‌సైట్ దానికి దాదాపు రెట్టింపు దూరంలో ఉంటుంది. అంటే దాంతో ఫోర్‌సైట్ కూడా ఒక డయాప్టర్ మసకే, టార్గెట్ అయితే బూడిదరంగు మబ్బు. అద్దం పెట్టుకోకముందు ఎంత మసకో ఫోర్‌సైట్ అంతే మసకగా ఉంటుంది, కాకపోతే అవతలి వైపు నుంచి.

బైఫోకల్‌దీ ఇదే కథ. పై గడి దూరానికి, కింది గడి పేపరుకి. ఫోర్‌సైట్ ఉన్న దూరానికి దానిలో గడే లేదు.

ప్రోగ్రెసివ్ (గీత లేకుండా పైనుంచి కిందికి పవర్ మెల్లగా మారే అద్దాలు) గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు యాభై దాటిన వాళ్ళలో చాలామంది ముక్కు మీద ఉన్నవి అవే. వాటిలో +0.75 కలిసిన చోటు నిజంగానే ఉంది. మధ్యలో పైనుంచి కిందికి దిగే సన్నని దారిలో ఎక్కడో ఉంటుంది. దాన్ని అందుకోవడానికి గడ్డం కాస్త పైకెత్తాలి. మొదటి పది గుళ్ళకి కుదురుతుంది. 75 నిమిషాల్లో 60 గుళ్ళు కాల్చే పోటీలో ముప్పయ్యో గుండుకి మెడ పట్టేసి గడ్డం రవ్వంత దిగుతుంది. ఆ రవ్వంత చాలు, పవర్ మారిపోతుంది. పైగా ఎయిర్ పిస్టల్‌కి పక్కకు తిరిగి నిలబడతాం కాబట్టి చూపు లెన్సు మధ్యలోంచి కాక పక్క అంచులోంచి పోతుంది. ప్రోగ్రెసివ్ లెన్సులో పక్కలంతా వంకర. ఫోర్‌సైట్ నిలువు అంచు కొద్దిగా వాలినట్టు కనపడితే తప్పు పిస్టల్‌ది కాదు, అద్దానిది. రోజువారీ పనులకి అవి మంచివే, గురికి మాత్రం వద్దు.

మేం ముందు సూచించేది, తొంభై శాతం పని చేసిపెట్టేది, గురి కంటికి దూరపు పవర్ + 0.50 లేదా + 0.75 తో చేయించిన సింగిల్ విజన్ (అద్దం అంతా ఒకే పవర్ ఉండే) జత. రెండో కంటికి మామూలు దూరపు పవరే ఉంచండి. నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోలులో గానీ ఏ కళ్ళద్దాల షాపులోనైనా ఒక రోజు, రెండు రోజుల్లో చేసిస్తారు. ప్రత్యేకమైన సరుకేమీ కాదు. లెన్సు పెద్దదిగా, చదునుగా ఉన్న ఫ్రేమ్ తీసుకోండి. ముఖాన్ని చుట్టినట్టు వంపు తిరిగిన ఫ్రేముల్లో చూపు లెన్సుని ఏటవాలుగా దాటుతుంది, లేని సిలిండర్ ఒకటి వచ్చి చేరుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 51 ఏళ్ల టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్ళద్దాలతో, రెండు కళ్ళూ తెరిచి, ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో రజతం గెలిచిన ఫొటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అదే ఒలింపిక్స్‌లో జార్జియాకి చెందిన నీనో సలుక్వాడ్జే 55 ఏళ్ల వయసులో వరసగా పదో ఒలింపిక్స్ ఆడింది. వయసు అడ్డమే, కానీ దాటలేని అడ్డం కాదు.

షాపుకి వెళ్ళేముందు ఇంట్లో ఒక పని చేయండి. తుపాకిని షాపుకి తీసుకెళ్ళకూడదు, ఆ ఆలోచనే వద్దు. ఖాళీ పిస్టల్‌ని ఇంట్లోనే రెండుసార్లు తనిఖీ చేసి, మీరు నిలబడే భంగిమలో చాపి, కంటి మూల నుంచి ఫోర్‌సైట్ దాకా టేపుతో కొలిపించండి. తర్వాత ఒక సన్నని పీవీసీ పైపు ముక్క తీసుకుని దాని కొసన 4.5 మిల్లీమీటర్ల వెడల్పున్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కని నిలువుగా, పైపు పైకి కొద్దిగా పొడుచుకొచ్చేలా అంటించండి. చెయ్యి చాపి పైపు పట్టుకుంటే ఆ నల్ల ముక్క కొలిచిన దూరానికి రావాలి. షాపులో ముందు దూరపు పవర్ సరిగ్గా తేల్చమనండి. సిలిండర్‌తో సహా. తర్వాత ట్రయల్ ఫ్రేమ్‌లో (లెన్సులు మార్చి చూసే పరీక్ష ఫ్రేమ్) గురి కంటికి +0.25, +0.50, +0.75, +1.00 వరసగా వేయించుకుంటూ, పైపు చాపి నల్ల ముక్క పై అంచు చూడండి. మార్కాపురం పలక మీద చెక్కిన బలపంతో గీసిన గీతలా అంచు తెగినట్టు కనపడాలి. అలా కనపడే పవర్లలో అన్నిటికంటే తక్కువది తీసుకోండి. ఎక్కువ పవర్ ఇంకా బాగుందనిపిస్తుంది గానీ, ప్రతి పావు డయాప్టర్‌కీ టార్గెట్ మసకబారుతుంది. పరీక్షకి ముందు గంటసేపు ఫోన్ చూసి ఉంటే కన్ను దగ్గరికే బిగిసి ఉంటుంది, లెక్క తప్పుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు షుగర్ అదుపులో ఉన్న రోజుల్లోనే పరీక్ష చేయించుకోవాలి, షుగర్ ఎక్కువ తక్కువలతో పవర్ కూడా మారుతుంది. ఈ జత పెట్టుకుని హైవే మీద బండి నడపకండి. దూరం మసకగా ఉంటుంది, రాత్రయితే ఇంకా ప్రమాదం.

సింగిల్ విజన్ జత వచ్చాక ఏ పవర్ నిజంగా పని చేస్తోందో టార్గెట్ కాగితం చెబుతుంది. పక్క పవర్ల లెన్సులు అరువు తెచ్చుకోగలిగితే ఒక్కో పవర్‌తో పదేసి గుళ్ళు మూడేసి కాగితాల మీద కాల్చండి. గ్రూప్ నిలువుగా సాగితే ఫోర్‌సైట్ పై అంచుకీ నల్ల గుండ్రానికీ మధ్య ఉన్న తెల్ల సందు కంటికి ఆనడం లేదని అర్థం. అడ్డంగా సాగితే ఫోర్‌సైట్‌కి రెండు పక్కలా గాడిలో కనపడే వెలుతురు గీతలు సమానంగా తెలియడం లేదని అర్థం. ఈ రెండింటికీ మందు చాలావరకు అద్దంలో కాదు, పిస్టల్ మీదే ఉంది. మ్యాచ్ పిస్టళ్ళలో బ్యాక్‌సైట్ గాడి వెడల్పు స్క్రూతో మారుతుంది. పెద్ద వయసు కంటికి వెలుతురు గీతలు బాగా వెడల్పుగా, ఒక్కొక్కటి ఫోర్‌సైట్ వెడల్పులో సగందాకా ఉన్నా పర్వాలేదు. సన్నని గీతలు పాత కంటికి బూడిదరంగై కలిసిపోతాయి. తెల్ల సందు చాలకపోతే గురిని కిందికి దించండి, నల్ల గుండ్రానికి అంటీ అంటనట్టు కాకుండా దాని కింది తెల్ల భాగం మధ్యకి. బ్యాక్‌సైట్‌ని దానికి తగ్గట్టు సరిచేసుకోండి. ఒక్క రూపాయి ఖర్చులేని ఈ మార్పుతో వచ్చే తేడా ఖరీదైన ఫ్రేమ్‌తో కూడా రాదు.

ఖరీదైన ఫ్రేమ్ అంటే నాబ్లాక్, ఛాంపియన్ లాంటి షూటింగ్ గ్లాసులు. ఒక సన్నని కమ్మీకి 23 లేదా 37 మిల్లీమీటర్ల గుండ్రటి లెన్సు ఒక్కటే వేలాడుతుంది. దాన్ని పైకీ కిందికీ పక్కకీ జరిపి, చూపుకి నిటారుగా తిప్పుకోవచ్చు. పక్కకు తిరిగి నిలబడే ఎయిర్ పిస్టల్ భంగిమకి ఇది నిజంగా లాభం. చూపు ఎప్పుడూ లెన్సు నడిమధ్య నుంచే పోతుంది. సిలిండర్ ఉన్నవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గుండ్రటి లెన్సు హోల్డర్‌లో తిరిగిపోతుంది, యాక్సిస్ తప్పుతుంది. బిగించిన రోజే లెన్సు అంచు మీదా హోల్డర్ మీదా ఎదురెదురుగా చిన్న గీత పెట్టుకుని, ప్రతిసారీ రెండు గీతలూ కలిశాయో లేదో చూడండి. వారానికి ఒకటి రెండు రోజులు సరదాగా కాల్చేవారికి ఇంత ఖర్చు అక్కర్లేదు. పోటీలకి వెళ్ళేవారికి, లెన్సు అంచులోంచి చూడక తప్పని భంగిమ ఉన్నవారికి విలువైనదే.

ఈ ఫ్రేమ్‌కే తగిలించే ఐరిస్, అంటే తిప్పితే చిన్నదీ పెద్దదీ అయ్యే రంధ్రం, చాలామంది మొదట కొనేది. మా మాట వింటే దాన్ని చివర కొనండి. చిన్న రంధ్రంలోంచి చూస్తే దగ్గరా దూరం రెండూ తేటపడతాయి, నిజమే. కానీ వెలుతురు పడిపోతుంది. 4 మిల్లీమీటర్ల కంటిపాప ముందు 1.2 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే లోపలికి పోయేది పదకొండో వంతు వెలుతురే. వయసుతో కంటిపాప తనంతట తనే చిన్నదవుతుంది, కంటి లెన్సు పసుపెక్కుతుంది. వాళ్ళకి ఐరిస్ వల్ల వచ్చే తేట తక్కువ, పోయే వెలుతురు మాత్రం భరించలేనంత. రంధ్రం ఒక మిల్లీమీటరు కంటే చిన్నదైతే కాంతి అంచుల దగ్గర చెదిరి, మళ్ళీ కొత్త మసక మొదలవుతుంది. ఇంకో చిక్కు: రంధ్రం కంటిపాప మధ్యకి రాకుండా పక్కకి ఉంటే, మసకగా ఉన్న వస్తువు జరిగినట్టు కనపడుతుంది. తేటగా ఉన్న ఫోర్‌సైట్ కదలదు, మసకగా ఉన్న టార్గెట్ కదులుతుంది. ఫ్రేమ్ ముక్కు మీంచి రెండు మిల్లీమీటర్లు జారితే గ్రూప్ మొత్తం జరిగిపోవడానికి ఇదే కారణం. కొనాలా వద్దా తేల్చుకోవడానికి గోనెసంచులు కుట్టే దబ్బనం కొసతో నల్ల ఇన్సులేషన్ టేపుకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం చేసి, మీ అద్దం మీద గురి చూపు తగిలే చోట అంటించి ఒక వారం కాల్చండి. స్కోరు పెరిగితేనే ఐరిస్ కొనండి. వాడేటప్పుడు పూర్తిగా తెరిచి మొదలుపెట్టి, నల్ల గుండ్రం అంచు గుండ్రంగా తెలిసేదాకా మాత్రమే మూయండి.

రెండో కన్ను మూసుకుని కాల్చే అలవాటు మానండి. ఒక కన్ను బిగించి మూస్తే ముఖం కండరాలు లాగేస్తాయి, గురి కన్ను కూడా చెదురుతుంది. ఆ కంటి అద్దం మీద సెల్లోఫేన్ టేపు ముక్క అంటిస్తే చాలు. వెలుతురు వస్తుంది, బొమ్మ రాదు. అదే నల్లటి అట్ట పెడితే ఆ కన్ను చీకట్లో ఉండి రెండు కంటిపాపలూ పెద్దవవుతాయి, మసక పెరుగుతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ కన్నుకి ముందు పెట్టే తెర వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు.

కాంటాక్ట్ లెన్సులు వాడే అలవాటు ఇప్పటికే ఉన్నవాళ్ళకి గురి కంటిలో +0.75 కలిపిన లెన్సు మంచి దారి. లెన్సు కంటితోపాటే తిరుగుతుంది, పక్క చూపు సమస్య లేదు. కొత్తవాళ్ళు దీనికోసమే మొదలుపెట్టనక్కర్లేదు. ఫ్యాను గాలి కిందో ఏసీ గదిలోనో రెప్ప వేయకుండా గురి చూస్తుంటే కన్ను ఎండిపోయి లెన్సు అంటుకుంటుంది.

రెడ్ డాట్, అంటే చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైటు, చత్వారానికి పుట్టిన మందులా ఉంటుంది. చుక్క దూరంలోనే ఉన్నట్టు కనపడుతుంది కాబట్టి ఒక్క దూరపు పవర్ చాలు, సైట్లు కలపాల్సిన పనే లేదు. మరి అందరికీ అదే ఎందుకు చెప్పం? 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల్లో తెరిచిన సైట్లే చెల్లుతాయి, ఎలక్ట్రానిక్, ఆప్టికల్ సైట్లు నిషేధం. పిస్టల్ మీద లెన్సు బిగించడం కూడా కుదరదు, కంటికి పెట్టుకోవచ్చు. లైసెన్సు మీద చాలామంది దగ్గరున్న దేశీ పాయింట్ 32 రివాల్వర్‌లో సైటు గాడి బాడీలోనే కోసి ఉంటుంది, డాట్ బిగించే రైలు (గాళ్ళున్న లోహపు పట్టీ) ఉండదు. పోలీసు డిపార్ట్‌మెంట్ ఆయుధాన్ని సొంతంగా మార్చే ప్రశ్నే రాదు. ఇక సిలిండర్ పవర్ సరిచేయని కంటికి ఆ చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా, ద్రాక్షగుత్తిలా కనపడుతుంది. చుక్క పగిలినట్టుంటే ముందు కళ్ళు పరీక్ష చేయించుకోండి. పోటీలకి వెళ్ళకుండా రైలు ఉన్న ఎయిర్ పిస్టల్‌తో ఇంటి దగ్గర కాల్చేవారికైతే సుఖంగా ఇదే తీసుకోమంటాం.

రివాల్వర్ వాళ్ళకి దారి వేరు. గుళ్ళు పెట్టే సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందులోంచి సీసం తునకలు పక్కలకి చిమ్ముతాయి కాబట్టి 23 మిల్లీమీటర్ల ఒంటి లెన్సు ఫ్రేమ్ పనికిరాదు. రెండు కళ్ళనీ పక్కలతో సహా కప్పే పాలీకార్బొనేట్ లెన్సులే కావాలి. షాపులో అడగకపోతే మామూలు ప్లాస్టిక్ లెన్సు వేసిచ్చేస్తారు, అది దెబ్బకి పగులుతుంది. ‘పాలీకార్బొనేట్’ అని బిల్లు మీద రాయించుకోండి. గురి కంటికి +0.75 లేదా +1.00 కలపండి. ఫోర్‌సైట్ వెనక ముఖానికి ముందు తెల్లటి, దాని మీద నారింజ రంగు గోళ్ళరంగు పూస్తే ఎండలో ముదురు రంగు టార్గెట్ మీద కన్ను వెంటనే పట్టుకుంటుంది. పై అంచుకి రంగు తగలనివ్వకండి, ఎత్తు తెలియదు. తెల్ల కాగితం మీది నల్ల గుండ్రాన్ని కాల్చేటప్పుడు మాత్రం ఫోర్‌సైట్‌కి రంగు వద్దు, నల్లగానే ఉండాలి. మెరుపు వస్తుంటే బుడ్డిదీపం మసి పట్టించండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఉప్పు తేమకి నలుపు త్వరగా పోయి, అంచు మెరవడం మొదలవుతుంది. ఎండ ఒక పక్క నుంచే పడితే మెరిసిన అంచుని కన్ను వేరే అంచుగా లెక్కేసి గ్రూప్‌ని పక్కకు లాగుతుంది. ఫోర్‌సైట్ మార్పించాలంటే లైసెన్సున్న డీలరు దగ్గరికే వెళ్ళండి.

రంగు అద్దాల సంగతి క్లుప్తంగా చెబుతాం. పసుపు ఫిల్టర్ మబ్బు రోజున, మసక గదిలో తేడా పెంచుతుంది. రోహిణి కార్తె ఎండలో తెల్ల కాగితం కళ్ళలో కొడుతుంటే బూడిదరంగుది పెట్టండి. ఎండకి నల్లబడే లెన్సులు వద్దు, షెడ్డు కింద నిలబడి ఎండలోకి చూస్తే అవి ఎంత నల్లబడతాయో మీ చేతిలో ఉండదు.

శుక్లం ముదిరిన కంటికి ఏ అద్దమూ సరిగ్గా పని చేయదు. నల్ల గుండ్రం చుట్టూ పాలపొర, లైట్ల చుట్టూ వెలుగు వలయం కనపడితే అద్దాల మీద ఖర్చు ఆపి కంటి ఆసుపత్రికి వెళ్ళండి. ఆపరేషన్‌కి ముందే డాక్టరుగారికి ‘నేను పిస్టల్ కాలుస్తాను, గురి కన్ను ఇది’ అని చెప్పండి. దూరానికి పెట్టిన మోనోఫోకల్ (ఒకే దూరానికి పనిచేసే) లెన్సు గురికి మంచిది, తర్వాత అద్దంతో +0.75 కలుపుకోవచ్చు. మల్టీఫోకల్ (దగ్గరా దూరం రెండూ చూపించే) లెన్సు వేస్తే చదువుకి హాయి గానీ, నలుపు తెలుపు తేడా తగ్గుతుంది, వలయాలు వస్తాయి. ఆపరేషన్ తర్వాత పవర్ కుదురుకోవడానికి నెల, నెలన్నర ఆగి అద్దాలు రాయించుకోండి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ మసకొస్తే లెన్సు వెనక పొర కట్టి ఉండొచ్చు, దాన్ని లేజర్‌తో తీస్తారు. పక్క చూపు తగ్గుతుంటే నీటికాసులేమో పరీక్ష చేయించుకోవాలి. అందులో పోయిన చూపు తిరిగి రాదు.

చేతి పని కూడా కంటి వయసుకి తగ్గట్టు ఉండాలి. పిస్టల్ పైకెత్తేముందు రెండు మూడుసార్లు రెప్పలు కొట్టండి. ఫోర్‌సైట్ గాడిలో కుదిరాక ఆరు నుంచి ఎనిమిది సెకన్లు, అంతే. ఆలోపు గుండు పోకపోతే దించేయండి. ఆ తర్వాత కన్ను చూసేది ఎదురుగా ఉన్న సైట్లని కాదు, ముందు పడి నిలిచిపోయిన బొమ్మని. రోజూ ఖాళీ పిస్టల్‌తో, గుళ్ళు గదిలోనే లేకుండా చూసుకుని, సున్నం వేసిన ఖాళీ గోడ మీదకి పది నిమిషాలు గురి పెట్టండి. టార్గెట్ లేని గోడ ముందు కన్నుకి చూడ్డానికి ఫోర్‌సైట్ పై అంచు తప్ప ఇంకేమీ ఉండదు.